క్లిప్పులా, క్లియర్ అలైనర్లా: పళ్ల వరస సరిచేయించుకోవడానికి ఏది మేలు?

ఎత్తుపళ్లనో పళ్ల మధ్య సందులనో సరిచేయించుకోవాలని హైదరాబాదులో దంతవైద్యశాలకు వెళ్లినవారి ముందు సాధారణంగా రెండు మార్గాలుంటాయి: పంటికి అతికించి తీగ బిగించే క్లిప్పులు, తీసి పెట్టుకోగలిగే పారదర్శకమైన అలైనర్లు. బయటికి కనిపిస్తాయా లేదా అన్న ఒక్క లెక్కతోనే చాలామంది నిర్ణయం తీసుకుంటారు. నా దృష్టిలో అది చివరన చూడవలసిన విషయం. మొదట చూడవలసింది పన్ను ఏ విధంగా కదలాలన్నది.

అలైనరు ఒక పలుచని ప్లాస్టిక్ తొడుగు. నోటిని స్కాన్ చేసి, పళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి జరగాలో కంప్యూటరులో ముందే నిర్ణయించి, వరుసగా తొడుగులు తయారుచేస్తారు. ఒక్కొక్కటి పన్నును సుమారు 0.25 మిల్లీమీటర్లే జరుపుతుంది. వారానికో రెండు వారాలకో తరువాతిది మార్చుకోవాలి. పళ్లు కొద్దిగా ఒకదానిపై ఒకటి ఎక్కినప్పుడు, సందులున్నప్పుడు, చిన్నతనంలో క్లిప్పులు వేయించుకున్నా, సరిచేసిన పళ్లు మళ్లీ జరగకుండా పట్టి ఉంచే రిటైనరు మానేయడం వల్ల వరస మళ్లీ చెదిరినప్పుడు ఇవి చక్కగా పనిచేస్తాయి. కోరపన్ను బాగా మెలితిరిగి ఉన్నా, దవడలో ఇరుక్కున్న పన్నును కిందికి లాగవలసి వచ్చినా, పళ్లు పీకించి ఆ ఖాళీని మూయవలసి వచ్చినా, తీగకు దొరికే పట్టు తొడుగుకు అంత సులువుగా దొరకదు. ఆ పట్టు కోసమే అలైనర్లలో కూడా పళ్లపై పంటిరంగు బొడిపెలు అతికిస్తారు. కనుక ‘అసలు కనిపించదు’ అన్న మాటను కాస్త తగ్గించి వినాలి. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి, పళ్లపై మచ్చలతో పెరిగినవారు మరొక విషయం అడిగి తెలుసుకోవాలి: అటువంటి ఎనామెల్‌పై అతుకు బలంగా పట్టదు కాబట్టి క్లిప్పులైనా బొడిపెలైనా తరచుగా ఊడే అవకాశముంది.

రెండవది మన అలవాటు. అలైనర్లను రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకొని తీరాలి. తినేటప్పుడూ, మంచినీళ్లు తప్ప మరేదైనా తాగేటప్పుడూ తీయాలి. వేడికి తొడుగు వంకరపోతుంది, చాయ్‌కి రంగు పడుతుంది. ఆఫీసులో నాలుగుసార్లు ఇరానీ చాయ్ తాగుతూ ప్రతిసారీ అరగంట కబుర్లు చెప్పుకునేవారికి రెండు గంటలు అక్కడే కరిగిపోతాయి, భోజనాల లెక్క వేరు. అటువంటివారికి తమంతట తాము తీయలేని క్లిప్పులే నయం. పదమూడేళ్ల పిల్లలకు కూడా, తల్లిదండ్రులు ఎంత కాపలా కాసినా, నేను క్లిప్పుల వైపే మొగ్గుతాను. అయితే క్లిప్పులున్నంతకాలం సకినాలు, పల్లీపట్టి, గట్టి జామకాయ వంటివి మానుకోవాలి. తీగల చుట్టూ ఓపికగా బ్రష్ చేయకపోతే పళ్లపై తెల్లమచ్చలు మిగులుతాయి. శుభ్రత విషయంలో అలైనర్లదే పైచేయి.

ఖర్చులో మామూలు లోహపు క్లిప్పులే చవక. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో ప్రైవేటు క్లినిక్‌ల కంటే ఎంతో తక్కువలో చికిత్స జరుగుతుంది. అలైనర్లకు డబ్బు కట్టే ముందు, అనుకున్నంత ఫలితం రాకపోతే చేయవలసిన అదనపు తొడుగులూ చివరన ఇచ్చే రిటైనరూ ఆ మొత్తంలోనే ఉన్నాయేమో కాగితంపై రాయించుకోవాలి.

ఎక్స్‌రే తీయకుండా, చిగుళ్లు పరీక్షించకుండా ఇంటికే పంపించే తొడుగులను మాత్రం నేను ఈ పోలికలోకే తీసుకోను. అమెరికాలో ఆ పద్ధతిలో వ్యాపారం చేసిన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడినప్పుడు ఎందరో చికిత్స మధ్యలోనే చిక్కుకుపోయారు. ఏ మార్గమైనా ఆర్థోడాంటిక్స్‌లో, అంటే పళ్ల వరస సరిచేసే విభాగంలో, ఎం.డి.ఎస్. (దంతవైద్యంలో పీజీ) చేసిన వైద్యుల చేతనే ప్రణాళిక వేయించుకోవాలి. వారు రెండు పద్ధతులలోనూ పనిచేసేవారైతే మరీ మంచిది, ఎందుకంటే ఒక్కటే చేసేవారు సహజంగా దానినే సూచిస్తారు. చికిత్స ముగిశాక రాత్రిపూట రిటైనరు పెట్టుకోవడం మాత్రం రెండింటిలోనూ తప్పదు.