బాలాజీ కాలనీ ఆర్‌సీ వీకెండ్ బ్యాచ్: క్లాసు బాగుంది, మెటీరియల్ తేలిపోయింది

తిరుపతి బాలాజీ కాలనీ వైపు క్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష), బ్యాంకు పరీక్షలకు చెప్పే ఒక కోచింగ్ సెంటర్‌లో ఆర్‌సీ (రీడింగ్ కాంప్రహెన్షన్, అంటే పేరా చదివి ప్రశ్నలకు జవాబు పెట్టడం) వీకెండ్ బ్యాచ్ ఇది. ‘విమర్శకుల పట్ల రచయిత వైఖరి ఏమిటి’ అనే ప్రశ్న ఎలా చెబుతున్నారో చూస్తే చాలు, సెంటర్ సరుకు తెలిసిపోతుంది.

పేరా పక్కన మార్జిన్‌లో ప్రతి వాక్యానికీ ‘వి’ లేదా ‘ర’ రాయిస్తారు. మాట విమర్శకుడిదా, రచయితదా? చిక్కంతా ఇక్కడే. ‘సమ్ క్రిటిక్స్ ఆర్గ్యూ’ అన్న ముక్క మొదటి వాక్యంలోనే ఉంటుంది. తర్వాతి రెండు మూడు వాక్యాలూ వాళ్ల వాదనే, కానీ ఆ ముక్క మళ్లీ కనపడదు. దాంతో విద్యార్థులు వాటిని రచయిత ఖాతాలో వేసేస్తారు. ‘హౌఎవర్’, ‘యెట్’ లాంటి మలుపు వచ్చేదాకా ‘వి’ వదలొద్దని గట్టిగా చెబుతున్నారు. మంచి పద్ధతే.

శ్రీకాళహస్తి కలంకారీ మీద ఇచ్చిన పేరా చక్కగా కుదిరింది. రసాయన రంగులతో కళ చెడిందనే విమర్శకులున్నారు. రంగులో తేడా నిజమేనంటాడు రచయిత, కానీ కలం పట్టినవాళ్ల కూలి సంగతి ఆ విమర్శకులకు పట్టలేదంటాడు. ‘స్కార్న్‌ఫుల్’ పెడితే తప్పు, ఎగతాళి మాట ఒక్కటీ లేదు. (‘సో-కాల్డ్’ అని ఒక్క మాట పడి ఉంటే లెక్క మారేది.) ఒప్పుకున్నది సగమే కాబట్టి ‘అగ్రిమెంట్’ కూడా కుదరదు. జవాబు ‘రెస్పెక్ట్‌ఫుల్ బట్ అన్‌కన్విన్స్‌డ్’, అంటే గౌరవం ఉంది కానీ వాదన ఒప్పలేదు. ఇలాంటి జంట ఆప్షన్లలో రెండు మాటలకూ పేరాలో వేలుపెట్టి చూపించే ఆధారం కావాలి. ఒకదానికి లేకపోయినా కొట్టేయాల్సిందే. కళ మీద రచయితకున్న ప్రేమను విమర్శకుల మీదికి లాక్కురావడం ఇంకో ఉచ్చు, దాన్ని మాత్రం పైపైన దాటేశారు.

మెటీరియల్ నిరాశే. టోన్ పదాల (రచయిత వైఖరిని చెప్పే మాటల) పట్టికలు బట్టీకి తప్ప ఎందుకూ పనికిరావు. జవాబుల కీలో ఏ, బీ అన్న అక్షరాలే ఉన్నాయి, ఏ లైను చూసి తేల్చారో లేదు. తప్పు పెట్టినవాళ్లకు ఎందుకు తప్పో తెలిసేదెలా?

క్యాట్‌లో వెర్బల్ (ఇంగ్లిష్) విభాగానికి 40 నిమిషాలు. ఇటీవలి పేపర్లలో 24 ప్రశ్నలుంటే వాటిలో 16 ఆర్‌సీవే. మల్టిపుల్ చాయిస్‌లో తప్పుకి 1 మార్కు కోత. ఇక్కడి టెస్టుల్లో గడియారమూ లేదు, కోతా లేదు. అసలు పరీక్ష కంప్యూటర్ మీద, మార్జిన్‌లో రాయడం కుదరదు. రఫ్ షీటు మీద పేరా నంబరు వేసి, గొంతు మారిన చోట మాత్రమే అక్షరం పెట్టుకునేలా అలవాటు చేయాలి. చేరేవాళ్లు ఈ సాధన మొదటి వారం నుంచే సొంతంగా చేసుకోవడం మంచిది.