సర్వ్ రిసీవ్ సాధనకు రోబో: పాదాలకు మేలు, కళ్లకు అంతంతమాత్రం

టేబుల్ టెన్నిస్ ర్యాలీలో నిలదొక్కుకోగలిగినా ఎదుటివారి సర్వ్ దగ్గరే పాయింట్లు పోగొట్టుకునే ఆటగాళ్లలో నేనొకణ్ణి. 11 పాయింట్ల గేమ్‌లో రెండు పాయింట్లకొకసారి సర్వీసు చేతులు మారుతుంది కనుక, రిసీవ్ (ఎదుటివారి సర్వ్‌ను తిరిగి కొట్టడం) చేతకాకపోతే దాదాపు సగం ఆట ప్రత్యర్థి చెప్పుచేతల్లోనే నడుస్తుంది. ఆ లోటు తీర్చుకోవడానికి బంతులు విసిరే రోబోను కొని ఆరు నెలలుగా వాడుతున్నాను.

నా దగ్గరున్నది రెండు చక్రాల నమూనా. పై చక్రం వేగంగా తిరిగితే టాప్‌స్పిన్ (ముందుకు తిరిగే బంతి), కింది చక్రం వేగంగా తిరిగితే బ్యాక్‌స్పిన్ (వెనక్కు తిరిగే బంతి), రెండూ ఒకే వేగంతో తిరిగితే దాదాపు స్పిన్ లేని బంతి వస్తాయి. తలభాగాన్ని పక్కకు వంచి బిగిస్తే సైడ్‌స్పిన్ (పక్కకు తిరిగే బంతి) వస్తుంది. తలను బాగా కిందికి వంచితే బంతి నిజమైన సర్వ్‌లాగే ముందు తన వైపు టేబుల్‌పై పడి, తర్వాత నెట్ దాటుతుంది. రిసీవ్ కోసం కొనేవారు మొట్టమొదట చూడవలసింది ఈ సదుపాయాన్నే. బంతిని నేరుగా మన వైపుకు విసరడమే తెలిసిన యంత్రం ర్యాలీ సాధనకు పనికొస్తుందేమో గాని ఈ పనికి చాలదు.

పాదాల విషయంలో మాత్రం దీని మేలు మరువలేను. ఫోర్‌హ్యాండ్ వైపు షార్ట్ సర్వ్ (నెట్‌కు దగ్గరగా పడేది) వస్తే నేను నిలుచున్న చోటు నుంచే చేయి చాపేవాణ్ణి. అలా చాపినప్పుడు భుజం బిగుసుకుంటుంది, రాకెట్ కోణం చేతిలో ఉండదు, బంతి నెట్‌కైనా తగులుతుంది లేదా ఎత్తుగా లేచి దెబ్బకు దొరుకుతుంది. కుడిచేతి వాటం వారు కుడి పాదాన్ని టేబుల్ కిందికి వేసి, శరీరాన్ని బంతి దగ్గరికి చేర్చి, అది పైకి లేస్తుండగానే తాకాలి. ఇంతవరకు అందరూ చెప్పేదే. లోపలికి వెళ్లిన పాదాన్ని అంతే త్వరగా వెనక్కు తీసుకోవడమే అసలు కష్టం. అందుకని మొదటి బంతి ఫోర్‌హ్యాండ్ వైపు షార్ట్‌గా, రెండోది బ్యాక్‌హ్యాండ్ మూలకు లాంగ్‌గా వచ్చేట్టు వరుస కట్టాను. మొదటి వారం రెండో బంతి దాదాపు ప్రతిసారీ నన్ను టేబుల్‌ను ఆనుకుని ఉండగానే పట్టుకుంది. రెండు నెలలకు వెనకడుగు దానంతట అదే పడసాగింది. షార్ట్ బంతిని టేబుల్ మీదే మణికట్టు విసురుతో కొట్టే బ్యాక్‌హ్యాండ్ ఫ్లిక్‌కు కూడా ఇదే అడుగు పునాది. చైనా ఆటగాడు జాంగ్ జికె ఆటతో ఎంతో పేరు పొందిన ఆ దెబ్బలో అందరి కళ్లూ మణికట్టు మీదే ఉంటాయి గాని, పాదం చేరకపోతే మోచేయి ఎత్తడానికి చోటే మిగలదు.

ఇక లోపాలు. నెట్‌కు బాగా దగ్గరగా, తక్కువ ఎత్తులో, వదిలేస్తే మన వైపు రెండుసార్లు పడే సర్వ్ ఈ యంత్రానికి సరిగా చేతకాదు. ఎంత సవరించినా బంతి నెట్‌కు తగులుతుంది, లేకుంటే ఎత్తుగా లేస్తుంది. తలను చేత్తోనే తిప్పాలి కనుక ఒకే వరుసలో ఎడమ, కుడి సైడ్‌స్పిన్‌లను కలపలేము. కొత్త ప్లాస్టిక్ బంతులపై ఉండే పొడి వల్ల చక్రాలు జారి, బంతులు గతి తప్పుతాయి. ముందుగా కడిగి ఆరబెట్టడం తప్పనిసరి.

వీటన్నిటికంటే పెద్ద కొరత, రోబోకు రాకెట్ లేకపోవడం. నిబంధనల ప్రకారం సర్వ్‌లో బంతిని కనీసం 16 సెంటీమీటర్లు ఎగరేయాలి, రాకెట్ తాకే క్షణాన్ని రిసీవర్‌కు కనబడకుండా దాచకూడదు. అంటే స్పిన్‌ను పసిగట్టడానికి కావలసినదంతా ఆ క్షణంలోనే ఉంటుంది: సర్వ్ చేసేవాడు బంతిని ఎక్కడ తాకాడు, రాకెట్‌తో ఎటు రుద్దాడు, ఆ తర్వాతి కదలికలో ఎంత నటన ఉంది. రోబో వీటిలో ఏదీ చూపదు. పైగా చక్రాల చప్పుడును, బంతుల మధ్య విరామాన్ని చెవి పట్టేస్తుంది. అడుగుకు సిద్ధమయ్యే చిన్న గెంతు ఆ లయకే అలవాటు పడుతుంది. మనుషులతో ఆడిన మొదటి రోజు నా గెంతు ప్రతిసారీ ముందే పడిపోయింది. బంతిపై అచ్చు వేసిన కంపెనీ ముద్ర స్పష్టంగా కనిపిస్తే స్పిన్ తక్కువని, అలుక్కుపోయినట్టుంటే ఎక్కువని గమనించడం ఒక్కటే కంటికి ఇది నేర్పిన పాఠం.

అడుగులు ఆలస్యమయ్యేవారు నిస్సందేహంగా కొనవచ్చు. సమయానికి బంతిని చేరుకుని కూడా స్పిన్ తెలియక తప్పుచేసేవారు మాత్రం, ఒక బుట్టెడు బంతులు తీసుకుని, మాయ సర్వ్‌లు బాగా వేసే స్నేహితుణ్ణి రోజూ అరగంట బతిమాలుకోవడం మేలు.