జాగ్రత్త: రెడీమేడ్ జీఎస్టీ బిల్లింగ్ ఎక్సెల్ షీట్లు కొనేవాళ్లు ఇది చూసుకోండి

‘మీ ఫైల్లోకి కాపీ చేసుకుంటే చాలు, లెక్కలన్నీ అవే వచ్చేస్తాయి’ అంటూ ఆన్‌లైన్‌లో బిల్లింగ్ టెంప్లేట్లు అమ్ముతున్నారు. మా కిరాణా షాపుకి అలాంటిదొకటి కొన్నాం. డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి.

అందులో బిల్లు షీటు వేరు, రేట్ల షీటు వేరు. అమ్మినతను వీడియోలో చూపించినట్టే ఒకదాని తర్వాత ఒకటి మా స్టాకు ఫైల్లోకి కాపీ చేశాం. బిల్లులు బాగానే వచ్చాయి. 2025 సెప్టెంబర్ 22న నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మా ఫైల్లోని రేట్ల షీట్లో 5 అని మార్చాం. బిల్లు మాత్రం 12 శాతమే వేస్తూ పోయింది. ఎర్రర్ లేదు, ఎర్ర గీత లేదు. మేం సరుకు వేసే హోటల్ వాళ్లు ఇదేంటని అడిగాకే బయటపడింది. వాళ్లకి క్రెడిట్ నోట్లు (బిల్లులో ఎక్కువ వేసింది తగ్గిస్తూ ఇచ్చే పత్రాలు) ఇవ్వాల్సి వచ్చింది.

పన్ను గడి మీద క్లిక్ చేసి ఫార్ములా బార్ చూస్తే, రేట్ల షీటు పేరుకి ముందు చదరపు బ్రాకెట్లలో అమ్మినతని ఫైలు పేరు ఉంది. షీట్లను విడివిడిగా కాపీ చేస్తే ఎక్సెల్ చేసేది ఇదే. అదే పేరుతో షీటు మన ఫైల్లో ఉన్నా పట్టించుకోదు, పాత ఫైలుకే లింక్ పెడుతుంది. ఆ ఫైలు తెరవకపోయినా చివరిసారి చదివిన అంకెలే చూపిస్తుంది. అందుకే ఇది ప్రమాదం. గూగుల్ షీట్స్‌లో అయితే ఆ పేరుతో షీటు లేకపోతే ఎర్రరైనా కనిపిస్తుంది.

సరైన పద్ధతి, కంట్రోల్ నొక్కి పట్టుకుని సంబంధం ఉన్న షీట్లన్నీ సెలెక్ట్ చేసి, షీటు పేరు మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే మూవ్ ఆర్ కాపీలో ఒకేసారి పంపడం. అప్పుడు ఫార్ములాలు కొత్త ఫైల్లోనే ఒకదాన్నొకటి చూసుకుంటాయి. మాకు అదీ కుదరలేదు. రేట్లను ఎక్సెల్‌లోని ‘టేబుల్’ అనే ఫీచర్‌తో పెట్టారు. టేబుల్ ఉన్న షీట్లను గుంపుగా కాపీ చేయడానికి ఎక్సెల్ ఒప్పుకోదు. టేబుల్‌ని మామూలు రేంజ్‌గా మార్చుకుందామంటే షీటుకి పాస్‌వర్డ్. అది కావాలంటే ఇంకా డబ్బు కట్టాలట! అమ్మేటప్పుడు ఈ మాటే చెప్పలేదు.

పైగా ‘బ్రేక్ లింక్స్ కొట్టేయండి’ అని అమ్మినతను సలహా ఇచ్చాడు. అస్సలు చేయకండి. ఆ లింకులున్న ఫార్ములాలు పోయి ఉత్త అంకెలు మిగులుతాయి. పాస్‌వర్డ్ లేని షీట్లయితే డేటా ట్యాబ్‌లో ఎడిట్ లింక్స్‌కి వెళ్లి (కొత్త వెర్షన్లలో వర్క్‌బుక్ లింక్స్), చేంజ్ సోర్స్‌లో మీ ఫైలునే ఎంచుకోండి. షీట్ల పేర్లు, గడుల వరుస అలాగే ఉంటే లింకులు మీ ఫైల్లోకే తిరుగుతాయి. ముందు ఫైలుకి ఒక కాపీ తీసి పెట్టుకోండి. మేం చివరికి మా స్టాకు వివరాలనే అమ్మినతని ఫైల్లో పేస్ట్ చేసుకుని నడిపిస్తున్నాం.

కొనే ముందు అమ్మేవాళ్లని సూటిగా అడగండి: షీట్లకి పాస్‌వర్డ్ ఉందా, టేబుళ్లు ఉన్నాయా, వేరే ఫైల్లోకి మార్చి చూపిస్తారా అని. ఇప్పటికే కొని వాడుతుంటే ఈరోజే కంట్రోల్ ఎఫ్‌లో ఎడమ చదరపు బ్రాకెట్ టైప్ చేసి, ఫార్ములాల్లో, వర్క్‌బుక్ మొత్తం వెతకండి. ఫార్ములాస్ ట్యాబ్‌లో నేమ్ మేనేజర్ (గడులకి పెట్టిన పేర్ల జాబితా) కూడా తెరిచి చూడండి, అక్కడ దాక్కున్న లింకులు ఈ వెతుకులాటకి దొరకవు.