షార్క్ అదే, లైనే వేరే

గోడ మీది చెమ్మ మరక కప్పడానికి, హనుమకొండ చౌరస్తా దగ్గర సందులో ఉన్న ప్రింటింగ్ షాపులో పాత ఇంగ్లిష్ హారర్ పోస్టర్లు నాలుగు వేయించుకున్నా. ఏ3 సైజు, మందం కాగితం.

‘ఏలియన్’ (1979) నలుపు అదిరింది. పగిలిన గుడ్డు, పచ్చటి వెలుగు, కింద “అంతరిక్షంలో మీ కేక ఎవరికీ వినపడదు” అనే లైన్. రాక్షసి బొమ్మే లేదు, అయినా టెన్షన్. గాలి లేని చోట శబ్దం పోదని బడిలో చదివిందే, ఇక్కడ వణికిస్తుంది. ‘ది ఫ్లై’ (1986) రంగు కొంచెం వెలిసినట్టుంది.

గొడవంతా ‘జాస్’తోనే. 1975 నాటి మొదటి సినిమా బొమ్మ కింద “నీళ్లలోకి మళ్లీ దిగొచ్చులే అనుకునేలోపే...” అని వేశాడు షాపతను. అది 1978 నాటి ‘జాస్ 2’ లైను. “మళ్లీ” అన్న మాటలోనే ఉంది కదా రెండో భాగమని! అడిగితే, “షార్క్ అదే గదన్నా, ఏం ఫరక్ పడుతది?” అన్నాడు. చివరికి సగం రేటుకు మళ్లీ వేసిచ్చాడు. తప్పు అతనిది, సగం డబ్బు నాది. అందుకే అయిదుకు మూడు స్టార్లు.

“వచ్చేశారు” అనే లైనున్న ‘పోల్టర్‌గైస్ట్’ (1982) పోస్టర్ మాత్రం తలుపుకు అంటించా. ఒకటో తారీకున ఇంటి ఓనర్ అదే చూస్తూ నిలబడ్డాడు.