ఆయిస్టర్ పుట్టగొడుగు స్పోర్ సిరంజి, 10 మి.లీ.: ల్యాబ్ పనికి 4/5, పంటకు 1/5

డబ్బా మీద "పుట్టగొడుగు విత్తనం" అని అచ్చేశారు. పేచీ అంతా అక్కడే. గడ్డి బెడ్లకు వేసే విత్తనమంటే జొన్న గింజల మీద పెంచిన శిలీంధ్రజాలం, అంటే పుట్టగొడుగు దారాల అల్లిక. అందులో కణానికి రెండు కేంద్రకాలుంటాయి. ఈ సిరంజిలో ఉన్నవి ఉత్త సిద్ధబీజాలు (స్పోర్లు). ఒక్కోటి మొలిచి ఏకకేంద్రక (కణానికి ఒకే కేంద్రకం ఉన్న) తంతువు వేస్తుంది. జతకుదిరే మరో తంతువుతో కలిస్తే తప్ప మామూలుగా అది కాపుకు రాదు. బెడ్లు వేసేవాళ్లు దీని జోలికి పోకుండా తాజా స్పాన్ (గింజల విత్తనం) ప్యాకెట్ కొనుక్కోండి.

ఏకకేంద్రక కల్చర్లు తీసేవాళ్లకు మాత్రం సరుకు మంచిదే. స్పోర్లు బాగా చిక్కగా ఉన్నాయి. నేరుగా ప్లేటు మీద వేస్తే మొలకలన్నీ కలిసిపోయి మీ పని చెడుతుంది. బాగా కుదిపి 1 మి.లీ. తీసి 9 మి.లీ. స్టెరైల్ నీళ్లలో కలపండి. అందులోంచి మళ్లీ 1 మి.లీ., అలా నాలుగుసార్లు. చివరిదాంట్లోంచి 0.1 మి.లీ. పీడీఏ (బంగాళాదుంప, డెక్స్‌ట్రోస్, అగార్ కలిపిన పోషక జెల్లీ) ప్లేటు మీద పరిచి 25 డిగ్రీల దగ్గర ఉంచండి. మొలక గుండుసూది తలంత ఉన్నప్పుడే, పక్కదాన్ని తాకకముందే, అగార్ ముక్కతో సహా ఎత్తి వేరే ప్లేటుకు మార్చాలి. ఒక్కరోజు ఆలస్యమైనా రెండు కలిసిపోవచ్చు.

తీసిన కల్చర్ ఏకకేంద్రకమేనా అని తేల్చుకోడానికి కాటన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోపులో 400 రెట్లలో చూడండి. ద్వికేంద్రక తంతువుకు అడ్డుగోడ దగ్గర కప్పు చెవిలా చిన్న వంపు కనిపిస్తుంది, అదే క్లాంప్. ఏకకేంద్రకమైతే నున్నగా సాగిపోతుంది. ఒక్క తంతువు చూసి తేల్చేయొద్దు, ప్లేటులో నాలుగైదు చోట్ల చూడాలి.

లేబుల్ మీద స్పోర్లు తీసిన తేదీ లేదు, స్ట్రెయిన్ (ఆ జాతిలో ఏ రకమో) లేదు. స్పోర్లు ఒకే పుట్టగొడుగువా, చాలావాటివా అన్నదీ లేదు. ఏకకేంద్రక కల్చర్లను జతలు కట్టేవాళ్లకు అసలు కావాల్సింది అదే. ఒకే పుట్టగొడుగు స్పోర్లయితే సగటున నాలుగు జతల్లో ఒకటే కుదురుతుంది. కొన్ని జతల్లో క్లాంప్ కొక్కెం వంగుతుంది గానీ వెనక కణానికి అతుక్కోదు. దాన్ని క్లాంప్ అనుకుంటే మోసపోతారు.

చూసిన రెండు సిరంజిల్లో ఒకదాని సూది మూత వదులుగా ఉంది. దాని చుక్క పడ్డచోట పాలరంగు జిగురు తేలింది, బ్యాక్టీరియా అన్నమాట. అందుకే ముందు ఒక్క చుక్క ప్లేటు మీద వేసి రెండు రోజులు చూడండి, తర్వాతే మిగతాది వాడండి.

వీళ్లే వరిగడ్డి పుట్టగొడుగు సిరంజీ అమ్ముతున్నారు. దానికి ఈ క్లాంప్ పరీక్ష పెట్టకండి, ఆ జాతికి క్లాంపులే రావు.