జేఆర్-6ఏ స్పిన్నర్ మాగ్నెటోమీటర్: సముద్రం అడుగు బసాల్టు నుంచి పాలమూరు నల్లరాయి దాకా

ముందే చెప్పేస్తాం. అగ్నిపర్వత శిలల్లో నిలిచిపోయిన పాత అయస్కాంతత్వాన్ని కొలవడానికి జేఆర్-6ఏలో వంక పెట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు. లెక్క చెడితే చాలావరకు దాని చుట్టూ ఉన్నవాటి వల్లే చెడుతుంది: గది, కరెంటు, రాయి కోసే రంపం, రాయి మీద దిశ గుర్తుకు గీసిన బాణం. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు ఏ జియాలజీ విభాగమైనా దీన్ని కొనే ఆలోచనలో ఉంటే కొటేషన్ తెప్పించుకోవడానికి ముందే ఈ నాలుగూ చూసుకోవాలి.

తయారీ చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో, ఆజికో కంపెనీది. పని చేసే తీరు సూటిగా ఉంటుంది. స్థూపాకారంలో కోసిన రాతిముక్కను హోల్డర్‌లో పెట్టి తీగచుట్టల జంట మధ్య గిరగిరా తిప్పుతుంది. రాతిలో ఉన్న అయస్కాంతత్వం వల్ల చుట్టల్లో చిన్న ఏసీ వోల్టేజి పుడుతుంది. దాని పరిమాణం, ఫేజ్ కలిపి చూస్తే తిరిగే ఇరుసుకు లంబంగా ఉన్న రెండు భాగాలు తెలుస్తాయి. ఇరుసు వెంబడి ఉన్న మూడో భాగం ఆ తిప్పుడులో కనబడదు కాబట్టి ముక్కను ఇంకో వైపు తిప్పి మళ్ళీ కొలవాలి. పేరు చివర ఉన్న 'ఏ' అందుకే: ఆటోమేటిక్ హోల్డర్ ఆ మార్పులు తనే చేస్తుంది. మామూలు జేఆర్-6 అయితే నాలుగు లేదా ఆరు పొజిషన్లలో చేత్తో మార్చాలి. రోజూ పదుల కొద్దీ ముక్కలు కొలిచేచోట 'ఏ' లేకుండా కొనడం దండగ. ఒక పొజిషన్ తప్పు పెట్టారంటే ఆ ముక్క దిశ మొత్తం పోయినట్టే, సాయంత్రం నాలుగు దాటాక ఆ తప్పులు ఎక్కువవుతాయి.

వేగాలు రెండు: సెకనుకు 87.7 చుట్లు, 16.7 చుట్లు. మొదటిది నిమిషానికి అయిదు వేల పైచిలుకు. పగుళ్ళున్న రాయికి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన మెత్తటి మట్టికి రెండోదే వాడాలి. సున్నితత్వం మీటరుకు ఆంపియరులో మిలియనో వంతుల దగ్గర ఉంటుంది. సముద్రం అడుగు బసాల్టు సహజ అయస్కాంతత్వం మామూలుగా మీటరుకు ఒకటి నుంచి పది ఆంపియర్లు. అంటే లక్షల రెట్లు ఎక్కువ. ఇలాంటి రాయికి తక్కువ వేగమే ధారాళంగా సరిపోతుంది, ఖాళీ హోల్డర్ దిద్దుబాటు (హోల్డర్ సొంత అయస్కాంతత్వాన్ని తీసేయడం) అంకెను మార్చనే మార్చదు. అదే మిర్యాలగూడ దాటాక వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు తవ్వే సున్నపురాయిని పెట్టండి, కథ వేరు. అక్కడ ఎక్కువ వేగమే వాడాలి, హోల్డర్‌ను స్పిరిట్‌తో తుడవాలి, పొద్దున ఒకసారి, తర్వాత పదిహేను ఇరవై ముక్కలకోసారి ఖాళీ హోల్డర్ కొలవాలి. హోల్డర్‌లో మిగిలిన బసాల్టు పొడి సున్నపురాయి అంకెను మింగేస్తుంది. రెండు రకాల రాళ్ళకీ ఒకటే హోల్డర్ వాడకపోవడం ఉత్తమం.

అతి చల్లని స్క్విడ్ మాగ్నెటోమీటర్ ఉండగా ఇదెందుకు అనే ప్రశ్న వస్తుంది. సముద్రపు అడుగును తొలిచిన జోయిడెస్ రిజల్యూషన్ ఓడలో రెండూ ఉండేవి. స్క్విడ్ బలహీనమైన అవక్షేపాలకు, పొడవాటి కోర్ (గొట్టంతో తొలిచి తీసిన రాతి స్థూపం) సగాలను ఒకే ఊపున కొలవడానికి మేలు. తాజా బసాల్టు లాంటి బలమైన రాయి దగ్గరికి వచ్చేసరికి అది తబ్బిబ్బవుతుంది, సెన్సర్ లెక్క దాటేసి గెంతుతుంది, ట్రే వేగం తగ్గించాలి. ఆ ముక్కలను స్పిన్నర్ నిమ్మళంగా కొలుస్తుంది. కాబట్టి లావా రాళ్ళే ప్రధానమైన చోట స్క్విడ్ కోసం హీలియం, కంప్రెసర్ ఖర్చు పెట్టుకోవడం మా దృష్టిలో అనవసరం.

ఇక ముక్క తయారీ. వ్యాసం 25.4 మి.మీ., ఎత్తు 22 మి.మీ. ఈ నిష్పత్తి ఊరికే పెట్టింది కాదు, స్థూపం ఆకారం వల్ల వచ్చే దోషం ఇక్కడ అతి తక్కువ. పరిమాణం 11.15 ఘన సెం.మీ. రంపం జారి ఎత్తు 20 మి.మీ.కు తగ్గినా సాఫ్ట్‌వేర్‌లో ప్రామాణిక పరిమాణమే ఉంచేస్తే బలం తొమ్మిది శాతం తక్కువ చూపిస్తుంది. దిశ మాత్రం మారదు. డైమండ్ బిట్టు లోపలి అంచు అరిగేకొద్దీ కోరు లావెక్కి హోల్డర్‌లో పట్టదు. అప్పుడు రాతిని ఇసుక కాగితంతో రుద్ది దూర్చకండి, బిట్టు మార్చండి. సన్నబడ్డ ముక్క వదులుగా ఉండి ఎక్కువ వేగంలో కదిలితే ఫలితాల చెదురు పెరుగుతుంది. రంపం బ్లేడు ఉక్కు పొడి రాతి రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే వదులుతుంది, సున్నపురాయికి మాత్రం ఆ పని చేయొద్దు. బాణం మామూలు మార్కర్‌తో గీస్తే, తర్వాత అంటిన అయస్కాంతత్వాన్ని వేడితో తుడిచే కొలిమిలో పెట్టిన తర్వాత మాయమవుతుంది. వేడికి తట్టుకునే సిరా వాడాలి, లేదా ఇత్తడి సూదితో గీత పెట్టాలి.

సముద్రపు కోర్‌లో అసలు చిక్కు ఆ బాణం దగ్గరే. ఓడ మీద కోర్ పైకి వచ్చేలోగా ముక్కలు గొట్టంలో తమ ఇరుసు చుట్టూ తిరిగిపోతాయి. కాబట్టి ఉత్తరం ఎటో తెలియదు, డిక్లినేషన్, అంటే ఉత్తరం నుంచి దిశ ఎంత పక్కకు ఉందో చెప్పే కోణం, పనికిరాదు. మిగిలేది ఇంక్లినేషన్, అంటే అయస్కాంత దిశ క్షితిజ తలంతో చేసే వాలు ఒక్కటే. దాని ట్యాంజెంటు పాత అక్షాంశం (రాయి గడ్డకట్టినప్పుడు ఉన్న అక్షాంశం) ట్యాంజెంటుకు రెట్టింపు. మహబూబ్‌నగర్ ఉన్న 16.7 డిగ్రీల అక్షాంశానికి ఇలా లెక్కిస్తే దాదాపు 31 డిగ్రీలు వస్తుంది. ఈ ఒక్క అంకె మీదే ఆధారపడినప్పుడు ముక్క తలకిందులైతే గుర్తు మారిపోయి ఉత్తరార్ధగోళం దక్షిణార్ధగోళం అవుతుంది. గట్టి రాతి కోరు వ్యాసం దాదాపు 6 సెం.మీ. అంతకంటే పొట్టి ముక్క గొట్టంలో బోర్లాపడి ఉండవచ్చు. పొడవాటి ముక్కల నుంచి తీసిన నమూనాలే తీసుకోవాలి. వచ్చిన పెట్టెలో 'పై' గుర్తు లేని ముక్కను, ఎంత మంచి బసాల్టైనా, పక్కన పెట్టేయండి.

రెండో చిక్కు డ్రిల్లింగ్ ముద్ర. ఉక్కు పైపులు, కోర్ బ్యారెల్ రాతికి నిట్టనిలువుగా కిందికి చూసే కొత్త అయస్కాంతత్వం అంటిస్తాయి. మామూలుగా 10 నుంచి 20 మిల్లీటెస్లా ఏసీ క్షేత్రంలో (అటూ ఇటూ దిశ మారుతూ తగ్గిపోయే అయస్కాంత క్షేత్రం) అది ఊడిపోతుంది. ఊడిందో లేదో తెలియడం మాత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. హిందూ మహాసముద్రంలోని నైంటీ ఈస్ట్ రిడ్జ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణిని తీసుకోండి, 1988లో ఓడీపీ (అంతర్జాతీయ సముద్ర తవ్వకాల కార్యక్రమం) 121వ యాత్ర అక్కడ తొలిచింది. కెర్గులెన్ హాట్‌స్పాట్ (భూమి లోపలి నుంచి లావా ఉబికే చోటు) మీద పుట్టిన ఆ లావాల పాత అక్షాంశం దక్షిణాన 50 డిగ్రీల చుట్టుపక్కల. అంటే ఇంక్లినేషన్ 67 డిగ్రీలు. భూక్షేత్రం ఇప్పటిలాగే ఉన్న కాలంలో గడ్డకట్టిన లావాలో అది పైకి చూస్తుంది, డ్రిల్లింగ్ ముద్ర కిందికి లాగుతుంది. ఏసీ మెట్లు పెరిగేకొద్దీ దిశ కింది నుంచి పైకి తిరగడం జైడర్‌వెల్డ్ పటంలో (మెట్టు మెట్టుకూ అయస్కాంత దిశ, బలం ఎలా మారాయో చూపే గీతల పటం) కళ్ళకు కడుతుంది. క్షేత్రం తలకిందులైన కాలపు లావా అయితే అసలు దిశే 67 డిగ్రీలు కిందికి. ముద్ర కూడా కిందికే. రెండింటి మధ్య 23 డిగ్రీలే తేడా, పటంలో ఒకటే గీతలా కనబడుతుంది. అక్కడ 20 మిల్లీటెస్లా దగ్గర ఆగితే వాలు ఉన్నదానికంటే నిటారుగా తేలి అక్షాంశం దక్షిణానికి జరుగుతుంది. 5, 10, 15, 20, 25, 30, 40, 50, 60, 80 మిల్లీటెస్లా మెట్లు పూర్తిగా ఎక్కాలి. సున్నా దిక్కుగా నేరుగా పోయే చివరి భాగానికే గీత గీయాలి. ఆ గీత చెదురు 5 డిగ్రీలు దాటితే ఆ ముక్కను సగటులో కలపొద్దు.

సగటు విషయంలో ఇంకో హెచ్చరిక: ఇంక్లినేషన్లను మామూలుగా కూడి భాగిస్తే నిటారు దిశల్లో సగటు తక్కువ వస్తుంది. ఇంక్లినేషన్‌కే ప్రత్యేకించిన పద్ధతులు వాడాలి. ఒక లావా పొర నుంచి ఎన్ని ముక్కలు కొలిచినా అది ఒక్క క్షణపు క్షేత్రమే. పొరలు ఎక్కువ ఉండాలి, ముక్కలు కాదు.

వేడితో తుడిచే పద్ధతి సముద్రపు బసాల్టుకు అన్నిసార్లూ కుదరదు. నీళ్ళలో లక్షల ఏళ్ళు నానిన టైటానోమాగ్నటైట్ (బసాల్టులోని అయస్కాంత ఖనిజం) నెమ్మదిగా ఆక్సీకరణ చెంది టైటానోమాగ్‌హెమైట్ అవుతుంది. 300 డిగ్రీలు దాటాక అది విడిపోయి కొత్త మాగ్నటైట్ పుట్టవచ్చు. అప్పుడు మీరు కొలిచేది కొలిమిలో తయారైన రాయిని. ప్రతి మెట్టు తర్వాత ససెప్టిబిలిటీ (బయటి క్షేత్రానికి రాయి ఎంత అయస్కాంతమవుతుందో చెప్పే అంకె) కూడా కొలవండి. అది ఒక్కసారిగా పెరిగితే అక్కడితో ఆపండి. ఒకే ముక్కను రెండుగా కోసి ఒకటి ఏసీకి, ఒకటి వేడికి ఇస్తే సందేహం తీరుతుంది.

ఇప్పుడు మన వైపు రాళ్ళు. పాలమూరు డోలరైట్ డైకులు (రాతి పగుళ్ళలోకి దూరి గడ్డకట్టిన శిలాద్రవపు గోడలు) సుమారు 220 కోట్ల ఏళ్ళ నాటివి. పొలాల మధ్య నల్లటి గుండ్ల వరుసలా లేచి కనబడతాయి. వీటికి కూడా యంత్రం బలం చాలినంత. ఆపద పిడుగులతో. గుట్ట కొన మీద తీసిన నమూనా పక్కదానికంటే పది రెట్లు బలంగా ఉండి దిశ ఎటో పోతే అది పిడుగు పని. దిక్సూచిని రాతి మీద అడుగడుగునా జరిపి చూస్తే ముల్లు ఊగిసలాడే చోటు ముందే తెలుస్తుంది. డైకు మీద ఉత్తరం చూడ్డానికి ఆ ముల్లునే నమ్మకుండా సూర్య దిక్సూచి వాడాలి. కాలువ కోతల్లో, క్వారీల్లో బయటపడ్డ ముఖాలు మేలు, పేలుడుకు కదిలిన బండలు తప్ప. డ్రిల్లుకు నీళ్ళివ్వడానికి పత్తి చేనుకు మందు కొట్టే చేతి పంపు డబ్బా చక్కగా సరిపోతుంది, మందు వాసన పోయేదాకా కడగండి. బోరు బండి తీసిన రాయి పనికొస్తుందా అని అడుగుతుంటారు. రాదు. హ్యామర్ బిట్టు రాతిని పిండి చేసి గాలితో పైకి ఊదుతుంది, పొడికి దిశ ఉండదు. యురేనియం కోసం లంబాపూర్, పెద్దగట్టు దగ్గర డైమండ్ బిట్టుతో తీసిన లాంటి కోరు కావాలి. అది కూడా ఇరుసు చుట్టూ తిరిగిపోయే ఉంటుంది కాబట్టి సముద్రపు కోరుకున్న తిప్పలే దానికీ.

గది కింది అంతస్తులో, లిఫ్టుకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు, బండ్లు నిలిపే చోటుకు దూరంగా ఉండాలి. టేబుల్ చెక్కది. ఇనుప బీరువా పక్క గదిలోకి. ఎండాకాలంలో వోల్టేజి ఎగుడుదిగుళ్ళు మనకు కొత్త కాదు. కొలత మధ్యలో కరెంటు పోతే ఆ కొలత పోయినట్టే, కాబట్టి ఆన్‌లైన్ యూపీఎస్ లేకుండా ప్లగ్గు పెట్టొద్దు. తుడిచిన ముక్కలను బల్ల మీద వదిలేస్తే గంటల్లోనే ఇప్పటి భూక్షేత్రం కొద్దికొద్దిగా అంటుకుంటుంది. మ్యూమెటల్ (అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే లోహం) డబ్బా లేకపోతే కొలిమి నుంచి తీసిన ముక్కను చల్లారగానే కొలిచేయాలి.

కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రెమా-6 చూడ్డానికి పాతకాలం వాసన కొడుతుంది గానీ ఇబ్బంది పెట్టదు. పటాలకు రెమాసాఫ్ట్ చాలు. క్యాలిబ్రేషన్ ముక్కను రోజూ మొదట కొలిచి, దాని మీద రాసిన విలువతో పోల్చి నోట్‌బుక్‌లో రాయండి. ఆ అంకె మెల్లగా జారుతుంటే సర్వీసు పిలవాల్సిన రోజు దగ్గరపడ్డట్టే.

ఎంఎస్సీ ప్రాజెక్టుకు ముప్పై నలభై ముక్కలే ఉంటే కొనకండి. హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐలాంటి చోట ప్రయోగశాల ఉంది, అడిగి చూడండి. ఏటా కొన్ని వందల ముక్కలుంటే కొనవచ్చు. కానీ స్పిన్నర్ ఒక్కటే తెస్తే అది బొమ్మ. ఏసీ క్షేత్రంతో తుడిచే డీమాగ్నెటైజర్, షీల్డున్న కొలిమి, ససెప్టిబిలిటీ మీటరు, రెండు బ్లేడ్ల రంపం ఒకే ఇండెంట్‌లో రాయండి. డబ్బు సరిపోకపోతే ముందు వాయిదా వేయాల్సింది కొలిమిని, డీమాగ్నెటైజర్‌ను కాదు. రెండో హోల్డర్, విడిగా ఒక క్యాలిబ్రేషన్ ముక్క కూడా అదే ఆర్డర్‌లో చేర్చండి. తర్వాత విడిగా తెప్పిస్తే కస్టమ్స్ కాగితాలకే నెలలు పడుతుంది.