నాలుగేళ్ళ ఐస్ మెషీన్: గ్యాస్ అనుకున్నాం, తీరా చూస్తే నీళ్ళు

భీమవరంలో మా జ్యూస్ షాపుకి ఈ క్యూబ్ ఐస్ మెషీన్ కొని నాలుగేళ్ళు దాటింది. రోజుకి ఎన్ని కిలోలు, ఎంత కరెంటు అన్నవి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. నాకు దీంట్లో బాగా నచ్చింది ముందువైపున్న చిన్న డిస్‌ప్లే. ఒక్కో విడత ఐస్ కట్టడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూపిస్తుంది. పొద్దున్నే షట్టర్ తీయగానే నేను మొదట చూసేది అదే.

పోయిన మే నెలలో ఆ అంకె 20 నుంచి 35కి పాకింది. సరిగ్గా గిరాకీ ఉన్న రోజుల్లో బయట ఐస్ కొనాల్సి వచ్చింది. వచ్చిన మెకానిక్ ప్రెషర్ చూసే గేజి కూడా పెట్టకుండా పైపు చేత్తో పట్టుకుని చూసి, గ్యాస్ తక్కువుందని ఎక్కించాడు. తేడా లేదు. వారం తర్వాత మళ్ళీ వచ్చి ఇంకాస్త ఎక్కించాడు, ఈసారి 40 దాటింది. కంప్రెసర్ కాలిపోతుందేమోనన్న టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర లేదు.

చివరికి నరసాపురం వైపు ఐస్ ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఒక పెద్దాయన వచ్చారు. బ్యాగు తెరవకుండా ముందు మూత తీసి ఐస్ కట్టే ప్లేటు చూశారు. "గ్యాస్ తక్కువైతే ప్లేటుకి ఒకవైపు కట్టి రెండోవైపు పల్చగా ఉంటదండీ. మీకు అంతా సమానంగానే కడతంది, ఆలస్యం అవుతంది అంతే. ముందు నీళ్ళు చూద్దాం" అన్నారు. ఐస్ కడుతుండగా వెనకున్న డ్రెయిన్ పైపు చూపించారు, సన్నగా ధార కారుతోంది. ట్రే నిండాక ఆగిపోవాల్సిన నీళ్ళు ఆగట్లేదు. వాటర్ వాల్వ్‌లో ఇసుక నలుసు ఇరుక్కుని పూర్తిగా మూసుకోక, మేడ మీద ట్యాంకులో కాగిన నీళ్ళు వచ్చి పడుతూనే ఉన్నాయి, అప్పటికే చల్లబడిన నీళ్ళు పొంగి డ్రెయిన్‌లోకి పోతున్నాయి. తర్వాతి విడతలో ట్రే నిండగానే ఆయన చేత్తో ట్యాప్ కట్టేశారు. 26 నిమిషాలు!

ఆ మిగతా ఆలస్యం ఎక్కువైన గ్యాస్ వల్లేనట. సబ్బు నురగ పెట్టి చూస్తే లీకు ఎక్కడా లేదు. ఉన్న గ్యాసంతా తీసేసి, వాక్యూమ్ చేసి, స్టిక్కర్ మీద ఉన్నన్ని గ్రాములు తూకం వేసి నింపారు. మా మెషీన్‌లో ఉండేది ఆర్404ఎ అనే గ్యాస్, మూడు గ్యాసుల మిశ్రమం కాబట్టి పాళ్ళు మారకుండా లిక్విడ్‌గానే ఎక్కించాలని చెప్పారు. వాల్వ్ కూడా మార్చాక 21కి వచ్చింది.

కొన్న కొత్తలో ఈ డిస్‌ప్లే ఉంటే చాలని తెలిసినవాళ్ళందరికీ చెప్పాను. అది అంకె పెరిగిందని చూపిస్తుంది గానీ ఎందుకో చెప్పదు. ఎండల్లో ఎలాగూ నాలుగైదు నిమిషాలు ఎక్కువే, వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కి దుమ్ము పట్టినా పెరుగుతుంది. అందుకే మీ షాపులో మామూలుగా ఎంత ఉంటుందో నెలనెలా రాసిపెట్టుకోండి.

వేసవిలో కాలువలు కట్టేస్తే మాకు బోరు నీళ్ళే గతి, అవి ఉప్పగా, ఇసుకతో వస్తాయి. మాది చిన్న షాపు, మెషీన్ నీడన ఉంటుంది కాబట్టి సరిపోతోంది. రొయ్యల ప్యాకింగ్‌కి వాడదామనుకునేవాళ్ళకి ఇది చాలదు. నేనైతే మళ్ళీ ఇదే కొంటానేమో, కానీ ముందు ఫిల్టర్ బిగించాకే.